నాలుగు రెక్కల పురుగు

నాలుగో చొక్కా కాలరు దగ్గర ఇస్త్రీపెట్టె ఆపి, పాపాయమ్మ మళ్ళీ దొర గది తలుపు వైపు చూసింది. దొర సెలవు నుంచి రాత్రే దిగాడు. ఇంకా లేవలేదు. ఆవిడ బొంబాయి విమానం చూస్తే ఈ సాయంత్రమే. ఈ అరబ్బు దీవిలో, జల్లాఖ్‌లో ఐదేళ్ళ కొలువు ఇవాళ్టితో సరి. వెళ్ళిపోతున్నందుకు ఆవిడకి బెంగ లేదు. తను చేసిన పురుగును చేప తిన్నదో లేదో తెలియకుండా విమానం ఎక్కడమెలాగన్నదే బెంగ.

దీవి నుంచి సౌదీకి వేసే వంతెన పనికొచ్చిన ఈ ఇంజనీరు దొరకి చేపలు పట్టడమంటే పిచ్చి. వాళ్ళ దేశంలో ఒక పెద్ద ఆనకట్ట కింద ఏట్లో ట్రౌటు అనే చేప ఉంటుంది. ఆనకట్ట అడుగు నుంచి వదిలే నీళ్ళు మండువేసవిలో కూడా వణికిస్తాయట, ఆ చలిలోనే అది బతుకుతుందట. దానికి వానపాము ఎర వెయ్యడు. బుల్లి గాలానికి ఈకలూ దారమూ చుట్టి, ఈగలాంటిది చేసి నీళ్ళమీదికి విసురుతాడు. శుక్రవారం వస్తే చాలు, బల్ల ముందు కూర్చుని అవి చుట్టడమే పని. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన పుట్టి, వలలు అల్లుతూ పెరిగిన పాపాయమ్మ ఎన్నాళ్ళని చూస్తూ ఊరుకుంటుంది? దొర సెలవుకి బయల్దేరే ముందు తనూ ఒకటి చుట్టి ఇచ్చింది, తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసిళ్ళలాగా, నాలుగు రెక్కలతో. దొర తన పురుగుల బొమ్మల పుస్తకమంతా తిరగేసి, అలాంటిది తమ ఏట్లో లేదని నవ్వి, అయినా జేబులో వేసుకున్నాడు.

నాలుగింటికి దొర బయటికొచ్చాడు. డ్రైవరు గంగన్న అప్పటికే ఆవిడ పెట్టె కారెక్కించాడు.

"అడగవయ్యా తమ్ముడూ, నా పురుగుని సేప తిన్నాదా?"

"అడుగుతున్న గదా అక్కా, జర ఆగరాదు," అంటూ గంగన్న వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. దొర ఒక్కసారిగా హుషారై, చేతులు మూరెడు ఎడంగా చాపి ఏదేదో చెప్పాడు.

"ఆయన చేసినయి ఒక్కటి గూడ ముట్టలేదట. నీదాన్ని మూడు చేపలు పట్టినయట. నాలుగోది దారం తెంపుకొని నీ పురుగుతోనే పోయిందట."

"మరి పులుసెట్టేడా?"

"తినడట. పట్టి, మళ్ల నీళ్లల్ల ఇడుస్తడట."

"ఓలమ్మో, అంత దూరం ఎల్లి ఒదిలేత్తాడా!" పాపాయమ్మ బుగ్గలు నొక్కుకుని పడీపడీ నవ్వింది. ఆవిడకి సంతోషం పట్టలేకుండా ఉంది.

"ఇంకో డజను చేసియ్యమంటుండు. నువ్వు పోతున్నవని ఆయనకు యాదికే లేదు," అన్నాడు గంగన్న.

ఐదేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ చేసినదాన్ని ఇంకోటి కావాలని ఎవరూ అడగలేదు. పాపాయమ్మ చెయ్యి కడుక్కుని, తిన్నగా వెళ్ళి దొర కుర్చీలో కూర్చుంది. దొర పక్కన నిలబడి వంగి చూశాడు. ఒక రెక్క కుదిరింది. రెండోది కుదిరింది. మూడోది కాస్త పక్కకి పోతే విప్పి మళ్ళీ కట్టింది.

"యల్లా, నడువు అక్కా! ముహర్రక్ ఎయిర్‌పోర్టు దాకా పోవాలె. విమానం నీకోసం ఆగుతదా?"

ఆ ముడి ఎలా వెయ్యాలో చెప్పమని దొర గంగన్న చేత అడిగించాడు.

"సెప్తే రాదు బాబూ, సూడాల," అంటూనే లేచింది. కొంగుతో మొహం తుడుచుకుని కారెక్కింది.

బల్లమీద పట్టకారులో మూడు రెక్కల పురుగు మిగిలింది. పక్కనే, నాలుగో రెక్కకని ఏరిపెట్టిన ఈక ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా, దానిమీద ఆవిడ తలపిన్ను ఉంది.