దగ్గు బిళ్ళ కరిగేదాకా

ఇంట్లో ఎవరు తుమ్మినా ముందు "అయ్యో" అనేది ఆవిడే. అందుకే వీధిలో ఆవిడ అసలు పేరు ఎప్పుడో మరుగున పడి, "అయ్యో అక్క" మిగిలింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. "అనుకోవడానికి తీరికెక్కడిది, భయపడటానికే రోజు చాలట్లేదు" అని బస్సు నడిపే వాళ్ళాయన వేళాకోళం చేసేవాడు.

అలాంటి మనిషి కడుపున లిఫ్టులు బాగుచేసే కూతురు పుట్టింది. ఎత్తు మాట వింటేనే తల్లికి కళ్ళు తిరుగుతాయి. పిల్ల మాత్రం చీకటి బావిలాంటి గోడల మధ్య, లిఫ్టు పెట్టె నెత్తి మీద నిలబడి, ఒళ్ళంతా గ్రీజు పూసుకుని నవ్వుతూ ఇంటికొస్తుంది. పనిచోట అందరూ దాన్ని పిచ్చుక అంటారు.

ఇన్నాళ్ళూ మేస్త్రీ వెనక నిలబడి పానాలు, స్క్రూడ్రైవర్లు అందించడమే పిచ్చుక పని. ఇప్పుడొక అవకాశం వచ్చింది. ఆరంతస్తుల భవనంలో లిఫ్టు బాగా పాతబడిపోయింది. తాళ్ళు, తలుపులు, మోటారు అన్నీ మార్చాలి. అందుకు నెలరోజులు లిఫ్టు ఆపాలి. ఆ సంగతి చెప్పబోతే అక్కడివాళ్ళు మేస్త్రీని గదిమి పంపేశారు.

"నాకు మాట మెత్తగా రాదు. ఆదివారం వాళ్ళ మీటింగుకి నువ్వెళ్ళి చెప్పు," అన్నాడు మేస్త్రీ. "వాళ్ళంతా చేతులెత్తి సరేనంటే ఆ పని మొత్తం నీ చేతికిస్తా. కాదంటే మళ్ళీ నా వెనకే."

ఆ మాట వినగానే అయ్యో అక్క భయాలు మొదలయ్యాయి. అంతమంది ముందు పిల్ల నోరు ఎండిపోతే? ఎవరైనా కసిరితే? నవ్వితే?

"అమ్మా, నువ్వు ముందు ఆ కుర్చీలో కూర్చో," అంది పిచ్చుక. "ఆ భవనంలో ఉండేది నువ్వే అనుకుంటా. నీకు చెప్పి చూస్తా."

గోడకి దుప్పటి కట్టి, ఆఫీసు నుంచి తెచ్చిన ప్రొజెక్టరు పెట్టి బొమ్మలు వేసింది. దుప్పటి వైపు తిరిగి, బొమ్మల మీద రాసిన ముక్కలన్నీ గడగడా చదివేసింది.

"ఎలా ఉందమ్మా?"

"నీ జడ బావుందే. ఇంకేం కనపళ్ళేదు నాకు."

వంటగదిలోంచి తండ్రి పకపకా నవ్వాడు. పిచ్చుక మూతి ముడుచుకుంది కానీ, మర్నాడు బొమ్మల మీది రాతంతా చెరిపేసింది. ఒక్కో బొమ్మ వేసి, తల్లి వైపు తిరిగి మొదలుపెట్టింది.

"ఇవి మీ లిఫ్టుని మోసే తాళ్ళు. పోగులు ఇలా లేచిపోయాయి చూడండి..."

"అయ్యో, తెగితే?"

"అమ్మా! ప్రశ్నలు చివర్లో."

"చివరిదాకా నేనెక్కడొస్తానే? నేనా తెగిన తాడు దగ్గరే ఉండిపోయానుగా!"

పిచ్చుక ఆవిడ వైపు చూసింది. నిజమే. తల్లి కళ్ళు ఇంకా ఆ తాడు మీదే ఉన్నాయి. తర్వాత ఎంత చెప్పినా ఆ చెవికి ఎక్కదు. అందుకని అక్కడికక్కడే జవాబు చెప్పింది. ఆ తర్వాత తల్లి ఆగిందా? తలుపులో చెయ్యి పడితే? మధ్యలో ఆగిపోతే? లిఫ్టు లేకపోతే మెట్లెక్కలేనివాళ్ళు ఏమైపోతారు? ఆ చివరి ప్రశ్నకి పిచ్చుక దగ్గర జవాబు లేదు. మర్నాడు మేస్త్రీతో మాట్లాడి, వెతికి తెచ్చుకుంది.

ఆదివారం వరకూ సాయంత్రాలన్నీ అదే పని. కూతురు ఒక మాట చెబుతుంది, తల్లి ఒక భయం అందిస్తుంది, కూతురు అందుకుని ముందుకెళుతుంది. అద్దం ముందు ఒంటరిగా చెప్పుకునేటప్పుడు కూడా పిచ్చుక ఆ చోట్ల ఆగి ఊపిరి తీసుకునేది. ఆ ఇద్దరూ అది గమనించుకోలేదు.

ఆదివారం బయల్దేరేటప్పుడు తల్లి సంచీలో మంచినీళ్ళు, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, ఇంకో చొక్కా సర్దింది.

"అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టకే," అన్నాడు తండ్రి. "నా బస్సులో నేను బ్రేకు వెయ్యకముందే కాలితో నేల తొక్కేస్తుంది."

"నేను నోరు విప్పను. ఒట్టు," అంది ఆవిడ. నమ్మకం చాలక దగ్గు బిళ్ళ ఒకటి చూపించింది. "ఇది బుగ్గన పెట్టుకుంటా. కరిగేదాకా నోరు తెరిస్తే అడుగు."

కింది అంతస్తు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోయాయి. ఎవరు దగ్గినా గోడలు తిరిగి దగ్గుతున్నాయి. అయ్యో అక్క చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ముందు వరసలో ఒక రిటైర్డ్ మాస్టారు చేతులు కట్టుకుని, పరీక్ష పెట్టే మొహంతో ఉన్నారు. పక్క గోడకి ఆనుకుని, చేతికర్రతో ఒక పెద్దావిడ. ఆరో అంతస్తులో ఒక్కతే ఉంటుందట.

పిచ్చుక నమస్కారం పెట్టింది. జనం వైపే తిరిగి నిలబడింది. మాట తిన్నగానే వచ్చింది.

"ఇవి మీ లిఫ్టుని మోసే తాళ్ళండీ. పోగులు ఇలా లేచిపోయాయి చూడండి..."

ఆగింది.

హాలంతా నిశ్శబ్దం. అయ్యో అక్కకి వెంటనే తెలిసిపోయింది. అది తను "అయ్యో, తెగితే?" అనే చోటు! పిల్ల దానికోసమే ఆగిపోయింది. ఎంత పని చేశాను, నా పిరికితనంతో బంగారంలాంటి పిల్ల మాటలకి బొక్కలు పెట్టాను అనుకుంది. దగ్గు బిళ్ళని దవడ కింద నొక్కిపెట్టింది.

ముందు వరసలో మాస్టారు కుర్చీలో కదిలారు.

"తెగితేనో?"

పిచ్చుక మొహం విచ్చుకుంది. "ఒక్కటి తెగితే మిగతావి మోస్తాయండీ. అన్నీ తెగినా పెట్టె కిందున్న బ్రేకు రెండు పక్కలా ఉన్న పట్టాలని పట్టకారులా కరుచుకుంటుంది. మీ లిఫ్టులో ఆ బ్రేకు కూడా అరిగిపోయింది. అందుకే వచ్చాను."

మాస్టారు కట్టుకున్న చేతులు విప్పారు.

తలుపు బొమ్మ దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి అడిగింది. ఆ తర్వాతిది ఎవరో వెనకనుంచి అడిగారు. అప్పటిదాకా ముడుచుకుని కూర్చున్నవాళ్ళు ముందుకి వంగారు. పిల్ల వదిలిన ఖాళీలో ఎవరి భయం వాళ్ళు తెచ్చి పెడుతున్నారు. ఇన్నాళ్ళూ ఆ భయాలన్నీ తన ఒక్కదానివే అనుకుంది అయ్యో అక్క. లోకంలో ఇంతమంది అయ్యోలున్నారని తెలిసి, ఎందుకో కళ్ళు చెమర్చాయి.

"ఇదంతా చెయ్యడానికి నెలరోజులు లిఫ్టు ఆపాలండీ," అంది పిచ్చుక. ఆగింది.

ఎవరూ మాట్లాడలేదు. గట్టి కాళ్ళవాళ్ళు బొమ్మ వైపు చూస్తున్నారు. పెద్దావిడ తన చేతికర్ర వైపు చూసుకుంటోంది. పిచ్చుక కళ్ళు హాలంతా తిరిగి, చివరి వరసలో తల్లి దగ్గరికొచ్చి ఆగాయి.

బిళ్ళ ఇంకా కరగలేదు. అయ్యో అక్క దాన్ని పటుక్కున కొరికి మింగేసింది.

"అయ్యో, మరి మెట్లెక్కలేనివాళ్ళ సంగతేంటమ్మా?"

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. పెద్దావిడ తల కూడా.

"నా నోట్లో మాటే అడిగావు తల్లీ," అందావిడ మెల్లగా. "నా ఒక్కదాని కోసం అందర్నీ ఆపడమెందుకని ఊరుకున్నా. కానీ చెయ్యి మాత్రం ఎత్తేదాన్ని కాదు."

"మీకోసం కూడా ఆలోచించామండీ," అంది పిచ్చుక. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా వాళ్ళిద్దరు మోసే కుర్చీతో వస్తారు. సరుకులేమన్నా ఉంటే పైకి తెచ్చిస్తారు. మెల్లగా నడుస్తాననేవాళ్ళకి ప్రతి మెట్ల మలుపులో ఒక కుర్చీ వేస్తాం."

మాస్టారి చెయ్యి ముందు లేచింది. తర్వాత ఒకటొకటిగా అన్నీ. పెద్దావిడ చేతికి బదులు చేతికర్ర ఎత్తింది.

బయటికొచ్చాక తల్లి గొణిగింది. "ఒట్టు తప్పానే."

"నువ్వడక్కపోతే నేనింకా అక్కడే నిలబడి ఉండేదాన్ని," అంది పిచ్చుక. తల్లి చేతిలో సంచీ అందుకుని, నీళ్ళ సీసా తీసి గటగటా తాగింది. "అమ్మా, ఆ కుర్చీల ఊసు నాకెప్పటికీ తట్టేది కాదు."

అయ్యో అక్క వెనక్కి తిరిగి, తన పిల్లని కసరకుండా విన్న ఆ భవనానికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

పని మొదలైన రోజు, మెట్ల మలుపులకి ఒక కుర్చీ తక్కువైందన్నారు. ముందుగదిలో తను కూర్చుని విన్న కుర్చీనే ఆవిడ తుడిచి బండెక్కించింది. బండి కదలబోతుంటే పరుగెత్తుకొచ్చి కిటికీ తట్టింది.

"దీని వెనక కాలు కాస్త ఊగుతుందే. అట్టముక్క మడిచి పెట్టు. ఆ పెద్దావిడ కూర్చున్నప్పుడు ఒరిగితే?"

"పెడతానమ్మా," అంది పిచ్చుక. ఈసారి విసుక్కోలేదు. అట్టముక్క అప్పటికే జేబులో ఉంది.