ఇఫ్ఫత్ ఖానుమ్ కొనలేక కొన్న గుండుతల

కాళ్ళకంటే తల బరువైతే మనిషైనా, ముక్కాలి స్టాండైనా కొండెక్కడం కష్టం. ఇఫ్ఫత్ ఖానుమ్ ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి ఆమె భర్త జంషీద్, రిటైరైన భూగోళం మాస్టారు. కుర్చీలోంచి లేవకుండానే ప్రపంచమంతా తిరిగొస్తాడు. రెండోది ఆమె కెమెరా స్టాండు. కాళ్ళు సన్నటివే గానీ, వాటిమీద కెమెరాను పట్టి ఉంచే తల మాత్రం పాతకాలపు ఇనప తల. బియ్యం కాటాలో పెడితే కాటాకే జాలేసింది.

శుక్రవారాలు కొండలెక్కే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద తూబా ఖానుమ్. ఆమె ఫోన్ చేసి తేల్చి చెప్పేసింది.

“ఈ శుక్రవారం ఖాన్సార్ కొండకి. తలకిందుల పూలు విచ్చాయట. ఇదిగో ఇఫ్ఫత్ జాన్, ముందే చెబుతున్నా. పోయినేడు ఆ ఇనప తలకాయ మోసుకుంటూ నువ్వు నాలుగడుగులకోసారి కూలబడితే, మేం పైకి చేరేసరికి పొద్దువాలిపోయింది. ఈసారి దాన్నయినా ఇంట్లో వదిలి రా, లేదా కొండ కిందే కూర్చుని సమోవార్ చూసుకో. టీ నువ్వు బాగానే కాస్తావు.”

“స్టాండు లేకపోతే నా చేతులు వణుకుతాయే. పువ్వు లోపలికి దగ్గరగా తియ్యాలంటే...”

“అయితే తేలికది కొనుక్కో తల్లీ. ఇస్ఫహాన్‌లో దుకాణాలకేం కరువా?”

ఆ పూలు గంటల్లా నేలచూపులు చూస్తూ వేలాడతాయి. వసంతంలో కొద్దిరోజులే ఉంటాయి. వాటి లోపలి ముఖాన్ని కింద నుంచి ఫొటో తీయాలని ఇఫ్ఫత్ ఎన్నో ఏళ్ళుగా అనుకుంటోంది. ఈ శుక్రవారం తప్పితే మళ్ళీ ఏడాది.

మర్నాడే కెమెరా, లెన్సు, స్టాండు కాళ్ళు సంచిలో వేసుకుని చహార్‌బాగ్ వీధిలో సీరూస్ ఆగా కెమెరాల దుకాణానికి వెళ్ళింది. ఆయన ముందు టీ తెప్పించాడు, తర్వాత ఒక నల్లటి తల తెప్పించాడు. గిన్నెలో బంతి పెట్టినట్టుంది. బంతి ఎటు తిప్పితే కెమెరా అటు వాలుతుంది, ఒక్క మర బిగిస్తే అక్కడే ఆగుతుంది. చేతిలో పెడితే బరువే లేదు. ధర చెప్పాక మాత్రం ఆ బరువంతా తెలిసింది.

“ఈ డబ్బుకి కొండే కొనుక్కోవచ్చు కదండీ, సీరూస్ ఆగా.”

“కొండ కొంటే ఇంటికెలా తీసుకెళ్తారు హాజ్ ఖానుమ్? సరే, ఇది చూడండి. చవక, తేలిక. ఎనిమిది కిలోలు మోస్తుంది.”

“మోస్తుందని ఎవరన్నారు?”

“పెట్టెమీద రాశారు.”

“మా ఆయన కూడా పెళ్ళికి ముందు చాలా రాశాడు.”

ఇఫ్ఫత్ కెమెరా బిగించి, ఎదురు దుకాణం బోర్డుమీది అక్షరం ఒకటి సరిగ్గా నడిమధ్యకు తెచ్చి, మర గట్టిగా తిప్పి చెయ్యి వదిలింది. అక్షరం మెల్లగా పైకి జారుకుంది. మళ్ళీ బిగించింది. కెమెరా మళ్ళీ, అత్తగారి ముందు కొత్తల్లుడిలా, వినయంగా తల వంచింది.

“పువ్వు తియ్యమంటే మట్టి తీసేట్టుంది ఇది,” అని పక్కన పెట్టబోతుండగా ఆమె చూపు బల్లమీది కరెంటు దీపం మీద పడింది. దీపాన్ని పట్టుకుని ఉన్నది అలాంటిదే, గుండులాంటి బంతి ఉన్న ఒక చిన్న గుండుతల. గీతలు పడింది గానీ బంతి నున్నగా ఉంది. పక్కన ఒక గాడి కూడా ఉంది. కెమెరాను అందులోకి వాల్చితే ముఖం పైకి తిప్పి ఆకాశం చూడొచ్చు. అడిగితే దీపం తీసి ఇచ్చాడు. కెమెరా బిగించి, అదే అక్షరం పెట్టింది. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసింది. అక్షరం వెంట్రుకవాసి కదల్లేదు.

“ఎంత చక్కగా ఉందండీ!” అనేసింది.

అక్కడే పొరపాటు జరిగింది. ఒకరి వస్తువును మెచ్చుకుంటే, ఇచ్చేస్తాననడం ఆ వస్తువు గలవాడి మర్యాద.

“మీకంటే ఎక్కువా? మీదే, తీసుకెళ్ళండి,” అన్నాడు సీరూస్.

మూడుసార్లు వద్దనడం మెచ్చుకున్నవాళ్ళ మర్యాద. “అయ్యో, అదేం మాట!” అంది ఇఫ్ఫత్.

“నా మీద ఒట్టు, తీసుకోండి.”

“వద్దంటే వద్దు. మీ దీపం ఏం కావాలి?”

“దీపానిదేముంది ఖానుమ్...”

“ససేమిరా ముట్టుకోను!”

మూడుసార్లూ అయిపోయాయి. సీరూస్ ముఖంలో పెద్ద ఊరట ఒకటి వెలిగింది. తలను తీసి దీపానికి బిగించేశాడు. ఇక “అమ్ముతారా?” అని అడగడానికి ఇఫ్ఫత్‌కు దారి లేకపోయింది. తీసుకెళ్ళిన సంచితోనే, కొత్త తల లేకుండా ఇంటికొచ్చింది.

జంషీద్ విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. “చల్లకొచ్చి ముంత దాచుకోవడం విన్నాను. నువ్వు వాళ్ళు పోస్తామన్నా ముంత బోర్లించొచ్చావు!”

“మీకేం, కుర్చీలో కూర్చుని కొండలెక్కేస్తారు.”

గిన్నెలు తోముతూ ఆలోచించింది. మర్యాద వేసిన ముడిని మర్యాదతోనే విప్పాలి. చేతులు తుడుచుకుని, ఇనప తలను కూరగాయల సంచిలో వేసుకుని మళ్ళీ బయల్దేరింది.

“సీరూస్ ఆగా, మీ దీపం ఇలా వాలినట్టుందేంటి?”

వాలలేదు. అయినా ఆయన చూసుకున్నాడు. ఈలోపు ఇఫ్ఫత్ ఇనప తలను బల్లమీద దించింది. బల్లమీది గ్లాసులు గల్లుమన్నాయి.

“అబ్బో! దీనికి దీపం కాదు, వంతెన తగిలించొచ్చు. చాలా బాగుంది హాజ్ ఖానుమ్!”

ఆ మాట కోసమే ఆమె దారిపొడుగునా ఊపిరి బిగబట్టుకుని వచ్చింది.

“మీకంటే ఎక్కువా? మీదే.”

“అయ్యయ్యో, వద్దు!”

“నా మీద ఒట్టు.”

“వద్దు ఖానుమ్, మీకు పనికొచ్చేది...”

“దీపం కొండెక్కదు కదండీ. దానికి బరువుంటేనే మంచిది. తీసుకోకపోతే నొచ్చుకుంటాను.”

“బొత్తిగా కుదరదు!”

సీరూస్ మూడుసార్లూ వద్దన్నాడు. ఇఫ్ఫత్ మాత్రం సంచి మడిచి చంకలో పెట్టుకుని, నాలుగోసారి కూడా ఇచ్చింది. నాలుగోసారి ఇచ్చినదాన్ని కాదంటే తప్పు. ఊరికే తీసుకుంటే ఇంకా తప్పు. ఆయన ఇనప తలవైపు, దీపంవైపు, ఆమెవైపు చూసి పకపకా నవ్వాడు.

“ఏ ఊరు హాజ్ ఖానుమ్ మీది?”

“ఇస్ఫహానే. ఏడు తరాలుగా.”

“చెప్పక్కర్లేదులెండి. బేరంలో ఇస్ఫహాన్ వాళ్ళని ఎవరు గెలిచారు?” దీపం విప్పి చిన్న తలను ఆమె ముందుకు తోశాడు. “ఇదీ మీదే.”

“ధర చెప్పండి,” అంది ఇఫ్ఫత్, ఈసారి చాలా తొందరగా.

చవక తలకంటే తక్కువే చెప్పాడు. ఆమె ఇంకాస్త తగ్గించింది. లేకపోతే ఇద్దరికీ ఆ రోజు వెలితిగా ఉండేది.

శుక్రవారం కొండెక్కేటప్పుడు ఇఫ్ఫత్ అందరికంటే ముందు నడవలేదు గానీ, వెనకపడలేదు. తూబా రెండుసార్లు తిరిగి చూసి, అరవడానికి ఏమీ దొరక్క నిరాశపడింది. పైన వాలంతా ఎర్రటి గంటలు వేలాడుతున్నాయి. ఇఫ్ఫత్ స్టాండు కాళ్ళు వెడల్పుగా చాపి, నేలకానించి, కెమెరాను గాడిలోకి వాల్చి ముఖం పైకి తిప్పింది. బోర్లా పడుకుని, కెమెరా వెనకాల తెరను పక్కకు తిప్పి అందులోకి చూసింది. పువ్వు లోపల, రేకుల మొదళ్ళలో తేనె చుక్కలు, రాలకుండా, గాజుపూసల్లా నిలిచి ఉన్నాయి.

“ఎంతసేపే? పదండి, పదండి!” అంది తూబా.

“ఒక్కసారి నువ్వు చూడు, తర్వాత తిట్టు.”

తూబా గొణుక్కుంటూ పడుకుంది. గొణుగుడు ఆగింది. మిగతావాళ్ళు ఏమిటేమిటంటూ చుట్టూ మూగారు.

“కాసేపు నోళ్ళు మూసుకోండే,” అంది తూబా నేలమీంచే. “ఇంకో చుక్క నిండుతోంది.”

ఇఫ్ఫత్ మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుని, తన కెమెరాలోకి మళ్ళీ చూసే వంతు కోసం వరుసలో చివర నిలబడింది.