రెండు వంటిళ్ళకూ ఒకటే గోడ

ఉదయం ఏడుంబావుకి మూడో అంతస్తులో, అరుణాదేవి వంటింటి వైపు నుంచి గోడ మీద తట్టిన చప్పుడైంది. గోడకు ఇవతల ఉన్న కృపామణి పలకలేదు.

సింకులో కుళాయి తిప్పి ఉంది. దాన్ని కట్టేసింది. భర్త సాలమన్‌కు డబ్బా కట్టి అప్పటికే పంపేసింది. అతను సనత్‌నగర్‌లో లేతు మిషను మీద పని చేస్తాడు, తెల్లారగానే బయలుదేరతాడు. కడగాల్సింది పెనం ఒక్కటే మిగిలింది. దాన్ని చప్పుడు కాకుండా సింకులో దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, అక్కడే నిలబడింది.

మళ్ళీ తట్టారు.

అమీర్‌పేట మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఆ అపార్టుమెంటు కట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఒక్క ఇటుక మందాన గోడలు లేపారు. రెండు వంటిళ్ళ కిటికీలూ నీళ్ళ పైపులు దిగే సందులోకి తెరుచుకుంటాయి. గ్రిల్లుకు చిన్న తలుపు ఉంది. అది తీసి చెయ్యి చాపితే పక్కింటి చెయ్యి అందుతుంది. అరుణాదేవి ఏదైనా చేసినప్పుడు గోడ మీద తడుతుంది. కృపామణి కిటికీ దగ్గరికి వెళ్తుంది. గిన్నె ఇటు వస్తుంది. కృపామణి ఆ ఇంట్లో అద్దెకు దిగిన మొదటి వారం నుంచీ ఇదే పద్ధతి. తలుపు తట్టడం, కాలింగ్ బెల్లు కొట్టడం వాళ్ళిద్దరి మధ్యా లేవు.

ఆ రోజు పలకకపోవడానికి కారణం ఉంది. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల శ్రమదినాలు నడుస్తున్నాయి. కృపామణి పొద్దుగుంకేదాకా ఏమీ తినదు. ఉపవాసం మనుషుల కంటపడకుండా చేయాలని సంఘంలో చెబుతారు. కిందటేడు ఇలాగే గిన్నె వస్తే, తీసుకోలేక, ఉపవాసమని చెప్పేసింది.

“మీకూ ఉంటాయా ఉపవాసాలు? మరి చెప్పవేంటి కృపా! ఉపవాసం ఉన్న మనిషికి నెయ్యి కారుతున్న పొంగలి చూపించాను కదే, ఎంత పాపం!” అంది అరుణాదేవి. ఆ సాయంత్రానికి ఆ సంగతి మెట్ల మీద అందరికీ తెలిసింది. పండగ వెళ్ళేదాకా రోజూ చీకటిపడే వేళకు గోడ చప్పుడయ్యేది. అటుకులు, అరటిపళ్ళు, సగ్గుబియ్యం జావ. పై అంతస్తులో ఉండే అసోసియేషన్ సెక్రటరీ హనుమత్ప్రసాద్ లిఫ్టులో కనబడి, “మీరు మా ఆవిడ కంటే నిష్ఠగా ఉంటున్నారటగా” అన్నాడు. కృపామణికి ఆ ఏడు ఉపవాసం ఉన్నట్టే అనిపించలేదు.

అందుకని ఈ ఏడు చెప్పలేదు. రోజూ ఏదో సాకుతో గడిపింది. కడుపు బాగాలేదంది, ఇప్పుడే తిన్నానంది. అబద్ధాలు పేరుకుపోతుంటే, ఇంట్లో లేనట్టు ఉండిపోవడమే నయమనుకుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. మొదట్లో ఒకసారి చికెన్ లేని రోజు చూసి, కొత్త గరిటెతో వండిన పప్పు గిన్నెలో పోసి ఇచ్చింది. అరుణాదేవి తీసుకుంది. మర్నాడు కిటికీ దగ్గర నవ్వుతూనే, “వండినవి వద్దులే కృపా, నీకెందుకు శ్రమ, ఓ నిమ్మకాయ వేసిచ్చెయ్” అంది. కృపామణి ఆ తర్వాత నిమ్మకాయలే వేసిచ్చింది. ఆ మాట మాత్రం సాలమన్‌కు కూడా చెప్పలేదు.

చప్పుడు ఆగింది. ఆగి మళ్ళీ మొదలైంది. ఈసారి మెత్తగా, వెంటవెంటనే వచ్చింది. చేసినదేదో చల్లారిపోతుందని తొందర పడుతోందనుకుంది కృపామణి. బ్యాగు తీసుకుంది. తలుపు గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి వేసింది. లిఫ్టు గేటు మోగుతుందని మెట్ల మీద దిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ బుల్లబ్బాయి కార్లు కడుగుతున్నాడు.

“ఏటమ్మా, ఈయేల ఇంత పెందలాడే?” అన్నాడు.

“పనుంది” అంది.

*

పంజగుట్ట చౌరస్తా దగ్గర చీరల షాపు. పైన అమ్మకాలు, కింద సెల్లారులో కుట్టు మిషన్లు. కొన్న చీరకు అంచున ఫాల్ కుట్టి, కొంగుకు పికో చేసి, గంటలో ఇస్తామని షాపు బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ గంట కృపామణిది, పక్క మిషను మీద కూర్చునే వనితది. వనిత బోరబండ నుంచి వస్తుంది.

పదకొండింటికి కృపామణి ఒక పట్టుచీరకు ఫాల్ తిరగేసి కుట్టింది. పైఅంచుకు వేసింది. చూసుకుని, బ్లేడుతో కుట్టు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

“ఏమైంది కృపక్కా, పొద్దుగాల్నుంచి గట్లనే ఉన్నవ్? ఉపాసం ఎక్కువైందా?” అంది వనిత.

“ఉపాసం కాదే. పక్కింటి ఆంటీ గోడ కొట్టింది. ఇంట్ల లేనట్టు ఊకున్న.”

“గంతేనా? ఇంకేందో అనుకున్న. మా అత్త రోజు కొడ్తది, గోడ కాదు, నా తలకాయ. నేను పలుకుతనా?”

“నవ్వకే. దేవుని కోసం ఉపాసముండి అబద్ధమాడిన.”

“నువ్వేం మాట్లాడలే కదక్కా. నోరే తెర్వకుంటే అబద్ధమెట్లయితది? జర ఫికర్ చేయకు. పో, పోయి సాయంత్రం మాట్లాడు. తినేది పెడతనని పిలిచేటోళ్ళు ఎందరికున్నరు?”

కృపామణి బ్లేడు పట్టుకుని ఆలోచించింది. రెండేళ్ళ కిందట తనకు టైఫాయిడ్ వచ్చింది. సాలమన్‌కు సెలవు దొరకలేదు. అప్పుడు అరుణాదేవి కిటికీలోంచి జావ ఇవ్వడమే కాదు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గోడ తట్టేది. కృపామణి మంచం మీద నుంచే తిరిగి తట్టేది. పలకడానికి ఓపిక లేని మనిషి బతికే ఉందని తెలియడానికి ఆవిడ పెట్టిన ఏర్పాటు అది. సాలమన్ రాత్రి దగ్గితే తెల్లారి ఆవిడకు తెలుస్తుంది. “ఏంటి, మీ ఆయన మిరియాల పాలు తాగనంటున్నాడా?” అంటుంది. ఆదివారం ఎండుచేపలు వేయిస్తే కిటికీ మూసుకుని, సోమవారం తీసి, “నిన్న మీ ఇంటి చుట్టాలు మా ఇంటిక్కూడా వచ్చారే” అంటుంది. సాలమన్‌తో మాట పెరిగినప్పుడు కృపామణి గొంతు తగ్గించుకుని పోట్లాడుతుంది. మర్నాడు అరుణాదేవి ఆ సంగతి అడగదు. మామూలు కంటే ఎక్కువ కూర ఇస్తుంది.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరిచే వేళకు కృపామణి మెట్ల దగ్గరికి వచ్చి అరుణాదేవికి ఫోన్ చేసింది. చివరిదాకా మోగి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

అలిగిందనుకుంది. అరుణాదేవికి అలక ఉంది. టైఫాయిడ్ వచ్చిన సంగతి ముందే చెప్పలేదని, తగ్గిన తర్వాత నాలుగు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. పొద్దున కుళాయి చప్పుడు విని ఉంటుంది. కట్టేసిన చప్పుడూ విని ఉంటుంది. ఆ గోడ అన్నీ చెబుతుంది.

ధాత్రి నంబరు కూడా కృపామణి ఫోన్‌లో ఉంది. ధాత్రి అరుణాదేవి చెల్లెలి కూతురు, పెద్దమ్మ దగ్గరే ఉంటుంది, గచ్చిబౌలిలో ఉద్యోగం. పొద్దున్నే మెట్రో ఎక్కితే సాయంత్రానికి వస్తుంది. కిందటేడు పెద్దమ్మకు బీపీ పెరిగినప్పుడు, “ఆంటీ, పగలంతా ఆవిడ ఒక్కర్తే ఉంటుంది. కాస్త చూస్తూ ఉంటారా?” అని కృపామణికి నంబరు ఇచ్చింది. కృపామణి ఆ పేరు దాకా వెళ్ళింది. ఫోన్ చేస్తే, పొద్దున తాను ఇంట్లోనే ఉన్నానని చెప్పాల్సి వస్తుంది. ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

సెల్లారులోకి దిగి మిషను ముందు కూర్చుంది. ఆ సాయంత్రందాకా ఇంకొక చీర తప్పు కుట్టలేదు.

*

సాయంత్రం పంజగుట్ట నుంచి నడిచే వచ్చింది. మెట్రో పిల్లర్ల కింద బండ్ల మీద ద్రాక్ష పోసి అమ్ముతున్నారు. అరకిలో కొంది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. ఆంటీ, పొద్దున నేను ఇంట్లోనే ఉన్నాను. ఉపవాసంలో ఉన్నాను. చెప్తే మీరు మళ్ళీ కష్టపడతారని పలకలేదు. ‘కష్టపడతారని’ అనాలా, ‘అందరికీ చెప్తారని’ అనాలా అనే దగ్గర ఆగింది. నిజం రెండోదే. అదే చెబుదామనుకుంది. ఆవిడ ముందు మొహం ముడుచుకుంటుంది, తర్వాత నవ్వుతుంది. పప్పు సంగతి కూడా అప్పుడే అడిగేస్తే బాగుంటుందనుకుంది.

గేటు తెరిచి ఉంది. పార్కింగ్‌లో హనుమత్ప్రసాద్ ఒక కారును వెనక్కి తీయిస్తున్నాడు. బుల్లబ్బాయి అక్కడ నేల కడుగుతున్నాడు. కృపామణిని చూసి గొట్టం కింద పడేశాడు.

“కృపమ్మగారూ, మన అరుణమ్మగారు పోనారండి” అన్నాడు.

ధాత్రి ఆ రోజు అయిదున్నరకు వచ్చింది. బెల్లు కొడితే పలక్కపోయేసరికి తన తాళంచెవితో తీసింది. అరుణాదేవి వంటింట్లో నేల మీద ఉంది. ఎదురు సందులో క్లినిక్ నడిపే డాక్టరు వచ్చి చూశాడు. పోయి చాలా గంటలైందన్నాడు. తుంటి ఎముక విరిగి ఉంటుందన్నాడు. పడగానే పోలేదని, కొంతసేపు తెలివిలోనే ఉండి ఉంటుందని కూడా అన్నాడు. ఎంతసేపో చెప్పలేనన్నాడు. ఆవిడ ఫోన్ పడకగదిలో ఛార్జింగ్‌కు పెట్టి ఉంది.

అరుణాదేవిదీ అద్దె ఇల్లే. ఓనరుకు ఫోన్ చేస్తే, శవాన్ని ఫ్లాటులో ఉంచొద్దన్నాడు. తెల్లవారి చుట్టాలు వచ్చేదాకా పార్కింగ్‌లో ఫ్రీజర్ బాక్సు పెట్టించడానికి అసోసియేషన్ ఒప్పుకుంది. బాక్సు వచ్చింది. లిఫ్టులో పట్టదని నలుగురు మనుషులు అరుణాదేవిని మెట్ల మీదుగా దించారు. ప్రతి అంతస్తులో తలుపులు తీసి ఉన్నాయి.

సాలమన్ ముందే వచ్చాడు. అతనే కాళ్ళ వైపు పట్టుకున్నాడు.

కృపామణి బాక్సు పక్కన నిలబడింది. ద్రాక్ష సంచి చేతిలోనే ఉంది. ధాత్రి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“ఆంటీ, నేను వెళ్ళేటప్పటికి పెద్దమ్మ ఇంకా పడుకునే ఉంది. లేపడమెందుకని వెళ్ళిపోయాను. మీకు పొద్దున ఏమైనా వినిపించిందా? పిలిచినట్టుగానీ, పడ్డ చప్పుడుగానీ?”

కృపామణి నోరు తెరిచింది. సాలమన్ ఆమెనే చూస్తున్నాడు.

“ఆ టైమ్‌కి ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటారు కదమ్మా” అన్నాడు హనుమత్ప్రసాద్. “బుల్లబ్బాయీ, ఈవిడ పొద్దున ఎప్పుడెళ్ళారు?”

“ఈయేల పెందలాడే ఎల్లిపోనారండి. పనుందన్నారు.”

ధాత్రి ఇంకా చూస్తోంది.

“వెళ్ళిపోయానమ్మా” అంది కృపామణి.

ధాత్రి తలూపింది. మోచెయ్యి వదల్లేదు. “మీరుంటే వినిపించేది. పెద్దమ్మ ఎప్పుడూ అనేది, నాకేంటే, గోడవతల కృప ఉంది అని.”

పక్కవాళ్ళెవరో ధాత్రిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. తాగి, తాళంచెవులు కృపామణి చేతిలో పెట్టింది.

“వంటింటి కిటికీ తెరిచే ఉంది ఆంటీ, పావురాలొస్తాయి. గ్యాస్ కూడా ఒకసారి చూస్తారా? నేను మళ్ళీ అందులోకి వెళ్ళలేను.”

కృపామణి మెట్లెక్కింది. ఆ వంటింట్లోకి ఆమె ఎప్పుడూ రాలేదు. కిటికీలోంచి చూసినంతవరకే తెలుసు. లైటు వేసింది. కిటికీ మూసింది. సిలిండరు దగ్గర వంగి చూసింది. రెగ్యులేటరు రాత్రి కట్టేసినట్టే ఉంది. స్టవ్ మీద ఏమీ లేదు. గట్టు పొడిగా ఉంది. ఫిల్టరులో కాఫీ పొడి వేసి ఉంది, నీళ్ళు పోయలేదు. ఆ పొద్దున ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

లేచి నిలబడి గోడ వైపు తిరిగింది. గోడ మీద కింద, నేలకు జానెడెత్తున, తెల్ల సున్నం మీద బూడిదరంగు మరకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి దగ్గర, మడమ నొప్పికి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది.