గేటు వైపు తిరిగిన చెప్పులు

నంద్యాలలోని ఆ కాలేజీలో కంప్యూటర్ ల్యాబుకు పోయేవాళ్లు చెప్పులు మెట్ల మీదే విడిచేవారు. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని సుందరరాజు సారుకు భయం. 2002లో, ఇంటర్లో లెక్కలు చదవని పాతికమందికి ఆయన ఏడాదిపాటు ఫౌండేషన్ కోర్సు చెప్పాడు. అది గట్టెక్కితేనే బిజినెస్ కంప్యూటింగ్ డిగ్రీలో సీటు.

క్లాసు జరుగుతుండగా అప్పుడప్పుడు ఒక జత చెప్పులు వాటంతటవే గేటు వైపు తిరిగేవి. వాటిని తొడుక్కున్నవాళ్లు నేరుగా బస్టాండుకు నడిచి ఊరికి పోయేవారు, మళ్లీ వచ్చేవారు కాదు. మూడు రోజులు చూసి సారు రిజిస్టర్లో పేరు కొట్టేసేవాడు. దేవసహాయం అనే అతను తెలివిగా వట్టికాళ్లతో హాస్టలుకు పోతే, పొద్దున్నే ఆ చెప్పులు అతని మంచం పక్కన ఉన్నాయి. కరెంటు పోవడంలాగే అదీ ఒకటని అందరూ సర్దుకున్నారు.

ఫిబ్రవరికి పదకొండుమంది మిగిలారు. వాళ్లలో నల్లమల చెంచుగూడెం నుంచి వచ్చిన ఈశ్వరి ఒకతె. ఆమె పక్క కుర్చీ ఆళ్లగడ్డ నుంచి వచ్చే మంజులది. ఆ పిల్ల చర్చి బడిలో పాఠాలు చెప్పే జీవమ్మ కూతురు. ఈశ్వరికి కీబోర్డు మీద చెయ్యి తిప్పడం నేర్పింది మంజులే. ఈశ్వరికి హాస్టల్ సీటు ఒక్కసారే ఇస్తారు. ఈ ఏడు పోతే చదువే పోయినట్టు.

పరీక్షలు నెల ఉన్నాయనగా ఈశ్వరి ఒకరోజు అందరికన్నా ముందు బయటికొచ్చింది. ఆమె నీలం స్లిప్పర్లు గేటును చూస్తున్నాయి. పక్కనే మంజులవి, అదే రంగు, అదే సైజు. ఈశ్వరి వాటిలో కాళ్లు దూర్చి వెనక్కి చూడకుండా నడిచింది. చేస్తున్నది ద్రోహమని తెలుసు. అయినా నడిచింది.

మర్నాడు మంజుల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మధ్యాహ్నం జీవమ్మ వచ్చి మెట్ల దగ్గర ఈశ్వరిని కలిసి, చేతిసంచిలోంచి ఆ అమ్మాయి స్లిప్పర్లు తీసి మెట్టు మీద పెట్టింది.

"మా పాప ఇల్లు దాటలేకుండాదమ్మా. గడప కాడికి వస్తే కాళ్లు వెనక్కి తిరుగుతాండాయి," అంది. కేకలు వేస్తుందనుకుంటే వెయ్యలేదు. "ఇవి నీవని తెలిసే ఏసుకున్యాదంట. ఆ పిల్లకు మళ్లా సీటు రాదు, నాకైతే మీరుండారు అంటాంది."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈశ్వరికి అంత సిగ్గుగా ఉండేది కాదు. తన కాళ్లకున్న మంజుల స్లిప్పర్లు విప్పి, దులిపి, జీవమ్మ సంచిలో పెట్టింది.

"ఇవి తొడిగియ్యమ్మా. రేపటికి మూడు రోజులు. పొద్దున బస్సుకే పంపు."

మరి నీ సంగతేందని జీవమ్మ అడిగింది. మెట్టు మీది స్లిప్పర్లు అప్పటికే గేటు వైపు తిరిగి ఉన్నాయి. ఈశ్వరి వాటిలో కాళ్లు పెట్టింది.

మర్నాడు మంజుల వచ్చింది. పక్క కుర్చీ ఆ రోజూ ఖాళీ, తర్వాతి రెండు రోజులూ ఖాళీ. సారు ఎర్రపెన్ను తీసి ఒక పేరు కొట్టేశాడు. మంజుల కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా ఆయన బోర్డు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత పాఠం మొదలుపెడదామని ఆయన అంటే, మిగిలిన పదిమందీ మిషన్లు ఆన్ చేశారు.