శుభ్రమైన తెర

పెర్సిస్ వచ్చి కూర్చునేసరికే కంప్యూటర్ కక్కడం మొదలుపెట్టింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు కింద నుంచి పైకి ఎగబాకుతున్నాయి. పెదపాడు వైపు చేపల చెరువుల్లో దింపిన మీటర్లు పంపే కబుర్లవి. మీటరు లేచింది, లెక్క పంపింది, సిగ్నల్ పోయింది, వచ్చింది. ఆమెకి అది మూత తీసిన మురుక్కాలవలా కనిపించింది.

ఏలూరులో బట్టల కొట్టు మేడ మీద గది ఆ ఆఫీసు. తాను పనిచేసే టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఇంటికెళ్తే మంచం పట్టిన అత్తగారి సణుగుడు, భర్త పెట్టిన టీవీ హోరు. ఇక్కడ ఈ తెర వాగుడు.

మీటరుకి పాచి పట్టినప్పుడల్లా నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయిందని అబద్ధం చెప్పేది. ఊరికే పరుగెత్తించారని రైతులు తిట్టిపోశారు. దాంతో యజమాని కిరణ్ కుమార్ ఆ కబురుని ఎర్రర్ల జాబితాలోంచి తీసి వార్నింగుల్లో పడేశాడు. వార్నింగులు చూసి, ఏది నిజమో తేల్చి, రైతుకి ఫోన్ చేయడం పెర్సిస్ పని.

పొద్దున్నే సాల్మన్ ఫోన్ చేశాడు. పెర్సిస్ వాళ్ళ చర్చి మనిషే. చెరువు కౌలుకి తీసుకున్నాడు.

"అక్కా, మా ఆవిడకి కంటి ఆపరేషనండీ, ఆసుపత్రిలో ఉన్నాను. చెరువు మీద ఎవరూ లేరు. వచ్చేవారమే చేపల పట్టుబడి, ఈ ముసురుకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని భయమేస్తోంది."

"నేను చూస్తాన్లే సాల్మన్."

"ఆవిడ కంటికి కట్టు కట్టారు. ఇవాళ నా కళ్ళు మీరేనండీ. ఒక్క ఫోన్ కొట్టండి, ఎవరినో ఒకర్ని పంపి ఏరేటర్లు వేయించి నీళ్ళకి గాలి పట్టిస్తాను."

ఇంతలో కిరణ్ కుమార్ వచ్చాడు.

"మేడమ్, మన మీటర్లు కొనడానికి తాడేపల్లిగూడెం పార్టీ వస్తోందండీ. తెర మీద ఆ చెత్తంతా కనపడకూడదు. ఎర్రర్లు తప్ప ఏం వద్దు."

"ఆక్సిజన్ వార్నింగుల్లో ఉందండీ."

"గంటసేపే కదండీ. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ పెట్టేయండి."

కంప్యూటర్‌కిచ్చే కమాండ్ చివర 'వి' ఎన్నిసార్లు కొడితే అది అంత ఎక్కువ వాగుతుంది. 'క్యూ' కొడితే ఎర్రర్లు తప్ప అన్నీ మింగేస్తుంది. పెర్సిస్ క్యూ కొట్టింది.

వచ్చినవాళ్ళు బజ్జీలు తిని, నూనె చేతులు కర్టెనుకి తుడుచుకున్నారు. ఒకాయన వాష్ బేసిన్‌లో కిళ్ళీ ఉమ్మేసి, ఖాళీ తెర చూసి "భలే నీటుగా ఉందండీ" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక పెర్సిస్ ముక్కు మూసుకుని బేసిన్ కడిగింది. వక్క ముక్కలు గొట్టంలో ఇరుక్కుంటే పుల్లతో లాగింది.

చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా కిళ్ళీ వాసన పోలేదు. కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద వేలు పెట్టింది. తెర నల్లగా, కడిగిన గచ్చులా ఉంది. వేలు వెనక్కి తీసుకుంది. అన్నం తినేదాకా ఉండనీ అనుకుంది. తాను నమిలే చప్పుడు తనకే వినిపించింది. తిన్నాక కూడా వి కొట్టబుద్ధి కాలేదు. కిటికీ అవతల సన్నటి జల్లు. ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ చెప్పని మధ్యాహ్నం అదొక్కటే.

ఫోన్ మోగింది.

"అక్కా, పక్క చెరువోళ్ళు చెప్పారు, చేపలు తేలి నోళ్ళు తెరుస్తున్నాయంట. మీకేం రాలేదా అండీ?"

ఆమె గబగబా వి కొట్టింది. తెర నిండా ఒకటే వార్నింగు, సాల్మన్ చెరువుది, దొర్లుతూనే ఉంది.

ఫోన్ మాటలు విని పక్కకొచ్చి నిలబడ్డ కిరణ్ కుమార్ గొంతు తగ్గించి, "మీటరు పాడైందని చెప్పండి మేడమ్" అన్నాడు. అతని నోట్లోంచి ఇంకా బజ్జీల వాసన. ఆమె మొహం తిప్పుకుంది.

"రాకపోవడం కాదు సాల్మన్," అంది. "నేనే దాని నోరు నొక్కి అన్నం తిన్నాను."

సాల్మన్ ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం బస్సెక్కి చెరువుకి వెళ్ళింది. నీళ్ళ మీద తెల్లటి పొట్టలు, ఆ చివర నుంచి ఈ చివరకి. నీచు వాసన ముక్కుకి అతుక్కుంది. మొలలోతు నీళ్ళలో దిగి వల లాగుతున్న సాల్మన్ గట్టు మీదికొచ్చాడు. ఆమె వల అంచు పట్టుకోబోయింది.

"పక్కకి జరగండి మేడమ్," అన్నాడు.

మర్నాడు పెర్సిస్ ఆఫీసుకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఏసీ చలికి ఆమె వేసుకునే మట్టిరంగు స్వెటర్ మాత్రం కుర్చీకి వేలాడుతూ ఉండిపోయింది, మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉంది.