సున్నా రాసుకో తల్లీ

ఈ ఏడు కూడా మా సొల్పో నగరానికి చిట్టచివరి స్థానమే దక్కింది. ఏ నగరంలో జనం ఎంత చదువుతారో లెక్కగట్టి దేశంలోని ఊళ్లన్నింటినీ వరసలో నిలబెట్టే సర్వే ఒకటుంది. మేమెప్పుడూ దాని తోక పట్టుకుని వేలాడుతుంటాం. టీవీలో ఆ వార్త చదివేటప్పుడు వెనకాల మా రేవునే చూపిస్తారు, రబ్బరు బూట్లు వేసుకున్న మా ఆడవాళ్లతో సహా. నాకు ఒళ్లు మండిపోతుంది.

రేవులో ఐసు ఫ్యాక్టరీ మేడమీద ఉన్న చిన్న గ్రంథాలయం నాది. నాదంటే నగరపాలక సంస్థదే, నేను నడుపుతాను. ఈ శీతాకాలం మొదట్లో ఆ సంస్థ సాంస్కృతిక విభాగం అధికారి తక్ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"కుమ్రన్ గారూ, ఈసారి సర్వేలోనూ మీ రేవు పరువు తీస్తే ఈ గది మూసేయడమే. పుస్తకాలన్నీ కొత్త అపార్టుమెంట్ల దగ్గరికి పంపించేస్తాం. రోజుకొక పుస్తకం బయటికెళ్లే చోట కరెంటు దండగ."

"ఆ ఒక్క పుస్తకం ఎంతమందికి చేరుతోందో తెలుసా సార్ మీకు?"

"కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లకే కదా?" అన్నారాయన.

ఆయన్ని చెయ్యి పట్టుకుని కిందికి లాక్కెళ్లాలనిపించింది. కింద ఆల్చిప్పలు ఒలిచే షెడ్డుంది. చలికాలమంతా ఆడవాళ్లు బల్లల ముందు నిలబడి చిప్పలు విప్పుతూనే ఉంటారు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో చిప్ప, మోచేతుల దాకా ఉప్పునీళ్లు. పుస్తకం దేంతో పట్టుకుంటారు? అందుకే ఓక్‌బున్ అక్క తిరగేసిన పెట్టె మీద కూర్చుని గొంతెత్తి చదువుతుంది, మిగతావాళ్లు వింటారు. కూలి ఒలిచిన బరువును బట్టి వస్తుంది. చదువుతూ కూర్చుంటే ఆమెకేం మిగులుతుంది? అందుకని ప్రతి ఒక్కరూ తాము ఒలిచిన దాంట్లోంచి గుప్పెడు మాంసం ఆమె బకెట్టులో వేస్తారు. ఇది మా అమ్మ ఆ బల్ల దగ్గర నిలబడ్డ కాలం నుంచీ ఉన్న పద్ధతే. కథలో అమ్మాయి ఏడ్చిన రోజు బకెట్టు త్వరగా నిండుతుంది.

అప్పుడు నడుస్తున్నది ఎనిమిది భాగాల నవల. బట్టలకు రంగులద్దే వాళ్ల కూతురు యొన్జు ఇంట్లోంచి పారిపోయింది. ఆమె తిరిగి రావాలా వద్దా అని షెడ్డు రెండుగా చీలి కొట్టుకుంటోంది.

సర్వేకి ముందురోజు నేను వెళ్లి బతిమాలాను.

"ఏడాదిలో ఎన్ని పుస్తకాలు చదివారని అడుగుతారు. విన్నవన్నీ చదివినట్టే చెప్పండి."

"అదెలాగే?" అంది మల్‌సున్ పెద్దమ్మ. షెడ్డులో అందరికన్నా పెద్దది, అక్షరం ముక్క రాదు. "పొయ్యి పక్కన నిలబడితే వంట చేసినట్టా?"

"కడుపునిండా తిన్నావు కదా పెద్దమ్మా!"

అందరూ పగలబడి నవ్వారు. గది మూసేస్తారని చెప్పాక నవ్వులు ఆగిపోయాయి. "సరేలేవే, చెబుతాంలే. ఆ మొహమేంటి అలా పెట్టావు?" అంది పెద్దమ్మ.

మర్నాడు హేరిన్ అనే అమ్మాయి ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చింది. మొదటి బల్ల దగ్గరి గోన్‌రే నావైపు చూసింది, నోరు తెరిచింది, మొహం ఎర్రబడింది.

"నేనేం చదవలేదమ్మా. సున్నా రాసుకో."

నేను దగ్గాను. లాభం లేకపోయింది. రెండో బల్లా సున్నా, మూడోదీ సున్నా. ఆ నిజాయితీ చూసి నాకు తల బాదుకోవాలనిపించింది. ఆఖరికి మల్‌సున్ పెద్దమ్మ వంతొచ్చింది.

"సున్నా రాసుకో తల్లీ. కుమ్రన్ ఇంకోలా చెప్పమంది. కానీ బడి గుమ్మం తొక్కనిదాన్ని, చదివానని ఏ నోటితో చెప్పను? చదువుకున్నవాళ్లు నవ్వరూ?"

ఓక్‌బున్ అక్క ఒక్కతే నలభై దాకా అని చెప్పింది. ఆ పిల్ల ఇబ్బందిగా కదిలింది. "మరీ ఎక్కువుంటే పొరపాటున పడిందనుకుని తీసేస్తారండీ."

"మరి వీళ్లు విన్నవి రాయి!" అని అరిచాను.

"విన్నవాటికి ఇందులో చోటు లేదండీ. నన్నేం చేయమంటారు?"

పాపం, అది నిజమే. నిజమైనంత మాత్రాన నా కోపం తగ్గలేదు.

"నీ పనైపోతే పక్కకి జరుగు తల్లీ," అంది పెద్దమ్మ. "ఓక్‌బున్, ఇక చదువు."

యొన్జు పడవ దిగింది. తల్లి చనిపోయిందని పడవవాడు చెప్పాడు. కత్తులన్నీ ఆగాయి. వెళ్లబోయిన హేరిన్ స్తంభానికి ఆనుకుని అక్కడే ఉండిపోయింది, చేతిలో ట్యాబ్లెట్ వెలుగు ఆరిపోయింది. ఉన్నట్టుండి, "వాడు అబద్ధం చెబుతున్నాడేమో!" అంది.

"నేనూ అదే అంటున్నా!" పెద్దమ్మ కత్తితో బల్ల మీద కొట్టింది. "వాడి మొహానికి నిజం కూడానా?"

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పిల్ల సిగ్గుపడుతూ అడిగింది. "తర్వాత ఏమవుతుంది బామ్మా? ఈ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?"

పెద్దమ్మ కత్తి మొనతో మేడమీది నా కిటికీ చూపించింది. హేరిన్ కిటికీ వైపు చూసింది, చేతిలోని ట్యాబ్లెట్ వైపు చూసింది. సున్నాలు మాత్రం సున్నాలుగానే వెళ్లాయి.

ఫలితాలొచ్చాయి. లారీ వచ్చింది. తక్ గారు దగ్గరుండి పుస్తకాలు పెట్టెల్లో సర్దించారు.

"ఈ నవల ఆఖరి భాగం ఏదండీ?"

"పోయింది."

"ఎవరు తీసుకెళ్లారు?"

తెరిచిన కిటికీలోంచి ఓక్‌బున్ అక్క గొంతు ఖంగుమంటూ వినబడుతోంది. ఆయనకీ వినబడే ఉంటుంది.

"ఏమో సార్. ఇక్కడ చదివేవాళ్లెవరూ లేరని మీరే కదా తేల్చారు?"

ఆయన పెట్టె మూత వేసి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ ఒక్క పుస్తకమే మిగిలింది. ఇంకోటి రాదని అందరికీ తెలుసు. ఓక్‌బున్ అక్క ఇప్పుడు రోజుకి ఒక్క పేజీ చదువుతుంది, ఆపేసి కత్తి పట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్తుంది. ఆమె చిప్పలు ఆమె ఒలుచుకుంటూనే ఉంది. అయినా ఆ బకెట్టులో గుప్పెడు వేయకుండా ఎవరూ ఇంటికెళ్లడం లేదు.