రేషెన్ బుగ్గలు

మా వియ్యపురాలు పుష్పం నా మనవడి బుగ్గలు కరగదీసి పంపింది. నా కంటికి ఆపరేషన్ అని వాడిని షాకాస్‌క్రాల్ పల్లెలో ఆమె దగ్గర ఉంచితే, ఐదేళ్ళు నేను పెంచిన బుగ్గల్ని మూడే మూడు వారాల్లో మాయం చేసింది. కంటికట్టు విప్పాక నేను చూడాలనుకున్నది ఆ బుగ్గల్నే. కారు దిగి వాడు పరిగెత్తుకుంటూ వస్తుంటే చూస్తే, ఆ బుగ్గలే లేవు.

"అయ్యో, బిడ్డని కడుపు మాడ్చేసిందిరా ఆ పుష్పం!" అన్నాను.

"నో అవ్వా, అమ్మమ్మ బాగా పెట్టింది. బీన్స్, మదుంబే దుంపలు, గుమ్మడికాయ. నేనే తోటలో పీకింది," అన్నాడు వాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "అమ్మమ్మ బీన్స్ నైస్. నువ్వు సేమ్ చెయ్."

నా ఒళ్ళు మండిపోయింది. చాట్స్‌వర్త్‌లో మా వీధిలో ఏ పెళ్ళయినా బిర్యానీ గిన్నె దగ్గర నేను ఉండాల్సిందే. అలాంటి నాకు బీన్స్ చెయ్యమని చెబుతున్నాడు! పొద్దున్నే కండెన్స్‌డ్ మిల్క్ పోసిన జావ, పదింటికి పూరీలు, మధ్యాహ్నం నెయ్యన్నం, అడిగినప్పుడల్లా కోల్డ్ డ్రింక్. వాడు నమిలి మింగిన ప్రతి ముద్దా నా చేతి ముద్దే. చెరకు తోటల పక్కన రెండు మళ్ళు గోక్కునే పుష్పానికి ఏం తెలుసని?

నిజం చెప్పాలంటే ఆమె మీద నాకు మొదట్నుంచీ కుళ్ళే. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అయినా మా ఇంటి మెట్లు గబగబా ఎక్కేస్తుంది. నేను మూడో మెట్టు మీద ఆగి ఆయాసపడుతుంటే చెయ్యందిస్తుంది. ఆ చెయ్యంటేనే నాకు ఒళ్ళుమంట.

మర్నాడే వాడిని క్లినిక్‌కి లాక్కెళ్ళాను. నల్లవాళ్ళకీ మాకూ అందరికీ ఓటొచ్చిన ఎన్నికలయి ఏడాది దాటింది. ఆరేళ్ళలోపు పిల్లలకి వైద్యం ఉచితం చేశారు కాబట్టి ఎక్కడెక్కడి వాళ్ళో అదే బెంచీల మీద కూర్చుంటున్నారు. బట్టల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నా కోడలు తాష్లిన్ కూడా వచ్చింది. రానీ, వాళ్ళమ్మ నిర్వాకం కళ్ళారా చూసుకుంటుంది అనుకున్నాను.

నర్సు మోరీన్ వాడిని తూచి, కార్డు మీద చుక్క పెట్టింది. ఆ కార్డులో కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. బిడ్డ చుక్కలు ఆ రెండింటి మధ్య నడవాలట. మా రేషెన్ చుక్కలు రెండేళ్ళుగా పైగీత దాటి పోతున్నాయి. ఇన్నాళ్ళూ నేను దాన్ని ఫస్ట్ క్లాస్ మార్కులనుకున్నాను. ఈసారి చుక్క కాస్త కిందికి దిగింది, మూడు వారాలు వేరే ఊళ్ళో ఉన్నాడని తాష్లిన్ చెప్పింది.

"ఈ మూడు వారాలూ ఎవరు పెట్టారు వీడికి తిండి? వాళ్ళకి నా థ్యాంక్స్ చెప్పండి," అంది మోరీన్. "వీడిని పస్తులుంచక్కర్లేదు. పప్పులు, కూరలు, పళ్ళు పెట్టి, తీపి తగ్గించి ఆడుకోనివ్వండి. పొడుగయ్యేకొద్దీ బరువు సర్దుకుంటుంది." ఆ తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మీరూ ఒకసారి ఎక్కుతారా?" అంది. నేను ఎక్కలేదు. నన్ను తూచమని ఎవరడిగారు?

బయటికి రాగానే తాష్లిన్ మెల్లగా అంది. "అత్తా, కోపం వద్దు. జనవరిలో స్కూల్ మొదలయ్యేదాకా వీడిని అమ్మ దగ్గర ఉంచుతాను."

మా ఇంట్లో రేషెన్ లేకపోతే పగలంతా నేను ఎవరి కోసం వండాలి?

"ఒక్క నెల టైమివ్వు. నేనూ నర్సు చెప్పినట్టే పెడతాను," అని బతిమాలాను.

"సరే. వచ్చే నెల తూకం బాగుంటే మీ దగ్గరే ఉంటాడు."

నర్సు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను. బీన్స్ వండాను. ఒక ముద్ద తిని, "అమ్మమ్మది లాగా లేదు," అన్నాడు. గుమ్మడికాయ వండితే మళ్ళీ అదే మాట. నా వంటింట్లో, నా పొయ్యి మీద, ఆ పుష్పం పేరు! మూడో రోజు ఆ గిన్నె చెత్తబుట్టలో బోర్లించి కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా తెరిచాను. వాడు నా మెడ చుట్టూ చేతులేసి ముద్దు పెట్టాడు. ఆ ముద్దు కోసం నెలంతా డబ్బాలు తెరుస్తూనే ఉన్నాను.

క్లినిక్ రెండు రోజులుందనగా మందుల షాపులో తూచి చూశాను. పోయిన నెల కంటే కాస్త పెరిగాడు.

క్లినిక్ ముందు రోజు సాయంత్రం వాడికి అన్నం పెట్టలేదు. "రేపు తూకం అయ్యేదాకా కడుపు ఖాళీగా ఉండాలి నాన్నా. సిస్టర్ అడిగితే జావ తిన్నా, నారింజపండు తిన్నా అని చెప్పు. లేకపోతే నిన్ను నా దగ్గర్నుంచి తీసుకుపోతారు," అన్నాను. వాడు బుద్ధిగా తలూపాడు. ఓవర్‌టైమ్ చేసి వచ్చిన తాష్లిన్‌తో వాడు తినేశాడని చెప్పాను.

పొద్దున కూడా తాష్లిన్ లేచేసరికే జావ తినేశాడన్నాను. క్లినిక్ క్యూలో రెండు గంటలు కూర్చున్నాం. పక్కన ఆగ్నెస్ అనే ఆవిడ తన మనవరాలికి ఉడికించిన మొక్కజొన్న పొత్తు వలిచి పెడుతూ, సగం విరిచి రేషెన్‌కి అందించింది. వాడు పొత్తు వైపు చూశాడు, నా వైపు చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నో థ్యాంక్యూ, తిన్నాను," అన్నాడు. ఆవిడ నన్నోసారి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. తాష్లిన్ కార్డు రాయించడానికి కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను నేల చూపులు చూశాను.

చుక్క పోయిన నెల చుక్కకి వెంట్రుకవాసి కిందే పడింది.

"పొద్దున ఏం తిన్నావు?" అని మోరీన్ అడిగింది.

"జావ. నారింజపండు." రెప్ప వేయకుండా చెప్పాడు.

"శభాష్," అంది. తాష్లిన్ నా భుజం మీద చెయ్యేసి, "సారీ అత్తా. వీడు మీ దగ్గరే ఉంటాడు. అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను," అంది.

నేను గెలిచాను. ఎంత సంబరపడ్డానో దాచుకోను. పుష్పం మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ గేటు దాకా నడిచాను. తాష్లిన్ ఫోన్ బూత్ దగ్గర ఆగింది. రేషెన్ నా చెయ్యి లాగాడు.

"అవ్వా, నేను కరెక్ట్‌గా చెప్పానా? ఇప్పుడు తినొచ్చా?"

గేటు దగ్గర అరటిపళ్ళు కొని వాడి చేతిలో పెట్టాను. తొక్క పూర్తిగా వలవకుండానే కొరికాడు. పుష్పాన్ని నానా మాటలూ అన్నాను గానీ, బిడ్డ కడుపు మాడ్చింది నేనే. దానికి తోడు వాడికి అబద్ధం కూడా నేర్పాను.

ఇంటికొచ్చి, తాష్లిన్ ఫ్యాక్టరీకి వెళ్ళాక, పుష్పానికి ఫోన్ చేశాను.

"వదినా, తాష్లిన్ చెప్పింది," అంది ఆమె. "నేను కొత్త మంచం కూడా వేసినా వాడి కోసం. ఫర్వాలేదులే. నీ దగ్గర హ్యాపీగా ఉంటాడు." వాడు లేని ఇంటి మంట నాకు తెలియనిది కాదు.

నేను తూకం సంగతంతా దాచేసి ఫోన్ పెట్టేయొచ్చు. కార్డు మీద చుక్క నా వైపే ఉంది.

"పుష్పం, వాడి తూకం తగ్గాలని నిన్న సాయంత్రం నుంచి వాడికి తిండి పెట్టలేదు," అన్నాను. "నర్సుకి అబద్ధం చెప్పమన్నాను. వాడు చెప్పాడు."

ఆమె నన్ను తిట్టాలని, నోటికొచ్చినట్టు కడిగెయ్యాలని ఎదురుచూశాను. తిడితే తిరిగి తిట్టొచ్చు కదా.

"ఇప్పుడు తిన్నాడా?" అంది పుష్పం.

అంతే అడిగింది. పొద్దుట్నుంచీ ఆ క్లినిక్‌లో నాకు రావలసిన మాట అది. నాకు రాలేదు, ఆమెకి వచ్చింది. దానికీ నాకు కుళ్ళు పుట్టింది.

"తిన్నాడు," అన్నాను. "ఈ రాత్రే తాష్లిన్‌కి అంతా చెప్తాను. శనివారం వాడి బట్టలు సర్ది నేనే తీసుకొస్తాను."